బాగున్న పిల్లల్నీ అడగండి

బడిలో పిల్లలు ఒక్కసారిగా జబ్బుపడితే ఏం చేయాలి, కారణం ఎలా తేలుతుంది? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

ప్రశ్న: మధ్యాహ్న భోజనమైన గంటన్నరకి మా బడిలో చాలామంది పిల్లలకు వాంతులు పట్టుకున్నాయి. డాక్టరు వచ్చేసరికే వంటవాళ్లు భయపడి మిగిలిన కూర పారబోశారు, గుండిగలు తోమేశారు. పరీక్షకి పంపడానికి ఏమీ మిగల్లేదు. మళ్లీ ఇలా జరిగితే ముందు ఏం చేయాలండీ?
– ప్రధానోపాధ్యాయిని, ఆమదాలవలస మండలం

జవాబు: ముందు పిల్లలు, ఆ తర్వాతే గుండిగలు. ఫిట్స్ వచ్చినా, మగతగా ఉన్నా, ఊపిరి ఆడకపోయినా, చేతులూ కాళ్లూ చల్లబడినా, నోట్లోంచి చొంగ ఆగకుండా కారుతున్నా 108కి ఫోను చేశాకే ఇంకో పని. వాంతులు మాత్రమే ఉంటే ఓఆర్‌ఎస్ మొదలుపెట్టండి. ప్యాకెట్టు మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసుకి కొంచెం చొప్పున ఉజ్జాయింపుగా కలిపితే ఉప్పు ఎక్కువైపోతుంది. తాగింది కక్కేస్తే పది నిమిషాలు ఆగి మళ్లీ చెంచాతో పట్టండి. ఉప్పునీళ్లు తాగించి, గొంతులో వేలు పెట్టి కక్కించే పని మాత్రం వద్దు. మగతలో ఉన్న పిల్లకి అది ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది.

ఒకరు పిల్లల్ని చూస్తుండగా ఇంకొకరు వడ్డన ఆపించి, మూతలు పెట్టి, వంటగదికి తాళం వేయాలి. కూర దాచేది వంటవాళ్లని పట్టివ్వడానికని అనుకుంటారు గానీ, వాళ్ల తప్పు లేదని తేలాలన్నా ఆ కూరే కావాలి. ఈ మాట వాళ్లకి మామూలు రోజుల్లోనే చెప్పి ఉంచండి. ఆ రోజు చెబితే ఎవరూ వినరు.

ప్రతి వంటకంలోంచీ 200 గ్రాముల చొప్పున తీయండి. మరిగే నీళ్లలో ముంచి తీసిన గరిటె, అలాగే కడిగి ఆరబెట్టిన మూత గట్టి డబ్బా వాడాలి. డబ్బా మీద వంటకం పేరు, తేదీ, తీసిన సమయం రాసి ఐసు మధ్యలో పెట్టండి. ఫ్రీజర్‌లో గడ్డకట్టించకూడదు, కొన్ని సూక్ష్మజీవులు అందులో చచ్చిపోయి పరీక్షలో దొరకవు. నూనె, ఉప్పు, పప్పు, కారం కూడా కొంచెం కొంచెం తీసిపెట్టండి. ఖాళీ నూనె ప్యాకెట్లు పారేయొద్దు, వాటి మీద బ్యాచ్ నంబరు ఉంటుంది. మొదట వాంతి చేసుకున్న పిల్లల వాంతి కొద్దిగా శుభ్రమైన డబ్బాలోకి తీయగలిగితే అది కూర కన్నా విలువైన నమూనా.

ఇక నోటుబుక్కు. రాసేది ఒక్కరే అయి ఉండాలి. పేరు, తరగతి, ఉండే వీధి, మొదట కనిపించిన బాధ, అది మొదలైన సమయం, ఏమేం తిన్నారు, ఎంత తిన్నారు, నీళ్లు ఎక్కడ తాగారు అని గళ్లు గీయండి. వీటన్నిట్లో సమయమే ప్రాణం. పిల్లల్ని ‘ఎప్పటి నుంచి?’ అంటే ‘ఇందాకట్నుంచి’ అంటారు. ‘లెక్కల బెల్లు కొట్టకముందా, కొట్టాకా?’, ‘కంచం కడిగి వచ్చేశాకా, తింటుండగానా?’ అని అడిగితే పది నిమిషాల తేడాతో చెప్పేస్తారు. మర్నాడు అడిగితే ఆ జవాబు రాదు. అప్పటికి ఊరంతా కలిసి ఒక కథ అల్లేసి ఉంటుంది, పిల్లలు దాన్నే అప్పజెబుతారు.

ప్రశ్న: వాంతులు మొదలైన సమయాన్ని బట్టి కారణం చెప్పొచ్చంటారు, ఎలా?
– సైన్సు ఉపాధ్యాయుడు, చీపురుపల్లి

జవాబు: చాలావరకు చెప్పొచ్చు. తిన్న అరగంట నుంచి ఆరు గంటల లోపు, జ్వరం లేకుండా, విరేచనాల కన్నా వాంతులే ఎక్కువగా ఉంటే తిండిలో అప్పటికే విషం తయారై ఉందన్నమాట. ఇక్కడ ఇద్దరు ముద్దాయిలు. ఒకటి స్టెఫైలోకాకస్ అనే బాక్టీరియా. వండేవాళ్ల చేతి గాయం నుంచో, సెగ్గడ్డ నుంచో, ముక్కు నుంచో తిండిలోకి చేరుతుంది. ఉడికించిన గుడ్లను ఉత్త చేతుల్తో ఒలిచి గంటల తరబడి గిన్నెలో ఉంచడం దానికి మంచి అవకాశం. రెండోది బాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియా, ఇది అన్నంలో ఉంటుంది. దీని బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా ఉన్నంతసేపూ పెరిగి విషం కక్కుతాయి. రెండింటి విషమూ మళ్లీ మరిగించినా పోదు. ‘వేడి చేసే పెట్టామండీ’ అని వంటవాళ్లు చెప్పేది నిజమే అయినా పిల్లలకు వాంతులు రావడం అందుకే.

పొద్దున ఏడింటికే వార్చి మూత పెట్టిన అన్నం, వేడి అన్నంలోనే పోపు కలిపి మధ్యాహ్నం దాకా బేసిన్లో గుట్టగా ఉంచిన పులిహోర లాంటి వాటిలోనే ఈ బాసిల్లస్ దొరుకుతుంది. తిండి 60 డిగ్రీలకి పైన ఉండాలి, లేదా 5 డిగ్రీల లోపు ఉండాలి. ఈ రెండింటి మధ్యలో ఉన్న ప్రతి గంటా ప్రమాదమే. పెద్ద గుండిగలో పైన చల్లబడ్డా నడుమ గోరువెచ్చగా ఉండిపోతుంది కాబట్టి చేత్తో పైపైన ముట్టుకుని తేల్చకండి.

ఆరు నుంచి ఇరవై నాలుగు గంటల మధ్య కడుపునొప్పి, నీళ్ల విరేచనాలు ఉండి, వాంతులు, జ్వరం పెద్దగా లేకపోతే క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్‌ని అనుమానించాలి. ఎక్కువ మోతాదులో వండి నెమ్మదిగా చల్లారనిచ్చిన మాంసం కూరలు, పప్పులు దానికి ఇష్టం. జ్వరం, విరేచనాలు కలిసి ఆరు గంటల నుంచి మూడు రోజుల లోపు వస్తే సాల్మొనెల్లా కావచ్చు. రక్తం, జిగురు పడుతూ ఒకటి నుంచి మూడు రోజుల్లో వస్తే షిగెల్లా. నిమిషాల్లోనే మొదలైతే రసాయనం ఉందేమో చూడాలి. దాని గురించి కింద ఇంకో జవాబులో రాశాం.

ఒక్క పిల్లవాడి సమయం చూసి తీర్పు చెప్పకండి. అందరి సమయాలూ వరసగా రాసి, సరిగ్గా మధ్యలో ఉన్నదాన్ని తీసుకోండి. ఆ తర్వాత గళ్ల కాగితం మీద గంటకో గడి చొప్పున అడ్డంగా గీసి, ఒక్కో పిల్లకి ఒక్కో చదరం పైకి పేర్చండి. ఒకే కొండలా లేచి దిగిపోతే అందరికీ ఒకేసారి ఏదో తగిలింది. ఒక కొండ తగ్గి, రెండు మూడు రోజుల తర్వాత ఇంకోటి లేస్తే ఒకరి నుంచి ఒకరికి అంటుతోంది. దిగకుండా రోజుల తరబడి సాగుతుంటే నీళ్లను చూడండి, కలుషితం ఇంకా ఆగలేదు.

ప్రశ్న: జబ్బుపడ్డ పిల్లలందరూ బడి భోజనమే తిన్నారు. అంటే భోజనమే కారణమని తేలినట్టే కదా? మా కమిటీలో దీని మీదే గొడవ.
– పాఠశాల కమిటీ సభ్యుడు, గజపతినగరం

జవాబు: తేలలేదు. బడిలో దాదాపు అందరూ భోజనం తింటారు. జబ్బుపడ్డవాళ్లూ తిన్నారు, పడనివాళ్లూ తిన్నారు. ఇద్దర్నీ అడగనిదే లెక్క పూర్తికాదు.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు మేం ఉదాహరణకి వేసుకున్నవి. బడిలో 180 మంది పిల్లలు, 51 మందికి జబ్బు. ఆ 51 మందిలో 48 మంది అన్నం తిన్నారు. అదే 51 మందిలో 48 మంది గుడ్డు కూర తిన్నారు. ఇంతవరకే చూస్తే అన్నానికీ గుడ్డుకీ తేడా లేదు. ఇప్పుడు బాగున్నవాళ్లని కూడా కలపండి. అన్నం తిన్నవాళ్లు మొత్తం 170 మంది, వాళ్లలో జబ్బుపడ్డది 48, అంటే 28 శాతం. అన్నం తిననివాళ్లు 10 మంది, జబ్బుపడ్డది 3, అంటే 30 శాతం. తిన్నా తినకపోయినా ఒకటే, కాబట్టి అన్నాన్ని వదిలేయొచ్చు. గుడ్డు కూర తిన్నవాళ్లు 120 మంది, జబ్బుపడ్డది 48, అంటే 40 శాతం. తిననివాళ్లు 60 మంది, జబ్బుపడ్డది 3, అంటే 5 శాతం. ఎనిమిది రెట్లు తేడా. ఇప్పుడు గుడ్డు కూర మీద వేలు పెట్టొచ్చు.

గుడ్డు తినకుండానే జబ్బుపడ్డ ఆ ముగ్గురి సంగతేమిటని అడుగుతారు. అడగాల్సిందే. పక్కవాడి కంచంలోంచి తిన్నారేమో, అదే గరిటె పప్పులోనూ పెట్టారేమో, ఇంట్లో గుడ్డు తినకూడని రోజని అమ్మ ముందు అబద్ధమాడారేమో. శనివారం, కార్తీక మాసం లాంటి పట్టింపులున్న ఇళ్ల పిల్లల్ని పెద్దవాళ్లు పక్కన లేనప్పుడే అడగాలి.

ఈ లెక్క మొదలెట్టకముందే ‘కేసు’ అంటే ఎవరో ఒక వాక్యంలో రాసుకోండి. ఉదాహరణకి: ఫలానా తేదీ మధ్యాహ్నం 12 నుంచి మర్నాడు మధ్యాహ్నం 12 లోపు, రెండు లేదా ఎక్కువ వాంతులు గానీ మూడు లేదా ఎక్కువ నీళ్ల విరేచనాలు గానీ అయిన ఈ బడి విద్యార్థి, ఉపాధ్యాయుడు లేదా వంట మనిషి. భయంతో తలనొప్పి అన్నవాళ్లని ఇందులో కలిపేస్తే అసలు కారణం మసకబారిపోతుంది. వంటవాళ్లను, రుచి చూసిన టీచరును మాత్రం మర్చిపోవద్దు, ఏం తిన్నారో, ఎన్ని గంటలకో వాళ్ల విషయంలో కచ్చితంగా తెలుస్తుంది.

భోజనంతో పాటు నీళ్లను, జావను, చిక్కీని, గేటు దగ్గర అమ్మే ఐసును కూడా ఇలాగే విడివిడిగా లెక్కకట్టండి. ఇంటి నుంచి సీసా తెచ్చుకున్నవాళ్లూ, బడి ట్యాంకు కుళాయి పట్టుకున్నవాళ్లూ వేరువేరుగా ఉంటారు. ఒక్కోసారి తిండి మీద వారమంతా గొడవపడ్డాక కారణం కుళాయిలో దొరుకుతుంది.

ప్రశ్న: ఎవరైనా విషం కలిపారేమోనని ఊళ్లో అందరూ అంటున్నారు. డాక్టరు వచ్చేలోపు మాకు తెలిసే గుర్తులేమైనా ఉన్నాయా?
– ఒక తండ్రి, నెల్లిమర్ల

జవాబు: కావాలని కలపడం అరుదు. పొరపాటున కలవడమే ఎక్కువ. 2013 జులై 16న బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ ఊళ్లో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసింది. పురుగుమందు డబ్బాను కడిగి నూనెకో, నీళ్లకో వాడే అలవాటు ఎక్కడున్నా అదే ప్రమాదం పొంచి ఉంటుంది. బియ్యం మూటల పక్కన పురుగుమందు, ఎలుకల మందు పెట్టనివ్వకండి.

టార్చి వేసి కంటిపాప చూడండి. సూదిమొనంత చిన్నదై, చొంగ, కన్నీళ్లు, చెమటలు కారుతూ, కండరాలు అదురుతుంటే మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందును అనుమానించాలి. ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయొద్దు. దీనికి మందు అట్రోపిన్, అది ఆసుపత్రిలోనే ఇవ్వాలి. బట్టలకి అంటి ఉంటే విప్పేసి సబ్బుతో కడగండి, కడిగేవాళ్లు గ్లవ్స్ వేసుకోవాలి. దీనికి పూర్తిగా ఉల్టా గుర్తులు, అంటే కంటిపాప పెద్దదై, నోరు ఎండిపోయి, మొహం ఎర్రబడి, పిల్లవాడు పొంతన లేకుండా మాట్లాడుతుంటే ఉమ్మెత్త గింజలు కడుపులోకి పోయి ఉండొచ్చు.

తరచుగా జరిగే ఇంకో సంగతి అడవాముదం గింజలు తినడం. బడి కంచెకి వేసే మొక్కే. గింజ వేరుశనగలా తియ్యగా ఉంటుంది, ఒకడు తింటే పదిమంది తింటారు. కొద్ది గంటల్లో వాంతులు, కడుపునొప్పి. తిట్టు పడుతుందని పిల్లలు చెప్పరు. జేబులు చూడండి, కంచె కింద ఒలిచిన పెంకులు వెతకండి. కసింద గింజలు ఇంకా ప్రమాదం, అవి కాలేయాన్నీ మెదడునూ దెబ్బతీస్తాయి. 2016లో పక్కనే ఉన్న ఒడిశాలోని మల్కన్‌గిరిలో పిల్లల మరణాల మీద దర్యాప్తు జరిగినప్పుడు జపనీస్ మెదడువాపుతో పాటు ఈ గింజల మీదా నిపుణులకు అనుమానం వచ్చింది.

జ్వరం, ఫిట్స్ కలిసి వస్తే తిండి మాట పక్కన పెట్టి వెంటనే పెద్దాసుపత్రికి. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు మెదడు జబ్బు వచ్చి 183 మంది చనిపోయారు. దర్యాప్తులో చండీపుర వైరస్ దొరికింది. దాన్ని మోసేది ఇసుక ఈగ, మట్టి గోడల పగుళ్లలో ఉంటుంది.

ప్రశ్న: ఎనిమిదో తరగతి ఆడపిల్లలు ఒకరి తర్వాత ఒకరు కళ్లు తిరిగి పడిపోతున్నారు. చేతివేళ్లు కొంకర్లు పోతున్నాయి. పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. గాలి సోకిందని ఊళ్లో అంటున్నారు, నటిస్తున్నారని టీచర్లు అంటున్నారు.
– ఉపాధ్యాయిని, శృంగవరపుకోట

జవాబు: గాలీ కాదు, నటనా కాదు. భయం గుంపులో పాకినప్పుడు శరీరం నిజంగానే ఇలా స్పందిస్తుంది. గబగబా ఊపిరి పీల్చడంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు కొంకర్లు పోతాయి, మూతి చుట్టూ తిమ్మిరెక్కుతుంది. చూసిన పిల్లలకే వస్తుంది, పక్క గదిలో చూడనివాళ్లకు రాదు. నిద్రలో రాదు. గంటల్లో తగ్గి, అందరూ మళ్లీ గుమిగూడగానే తిరగబెడుతుంది.

అయితే ఈ పేరు చివర పెట్టాలి, మొదట కాదు. ముందు గ్లూకోజు, బీపీ, ఆక్సిజన్ చూడాలి. ఆ పూట పక్క పొలంలో మందు కొట్టారా, గదిలో జనరేటర్ పొగ నిండిందా, ఐరన్ మాత్ర పరగడుపున వేశారా అని అడగాలి. పది నుంచి పందొమ్మిదేళ్ల పిల్లలకు వారానికోసారి ఇచ్చే నీలం మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. ఖాళీ కడుపున వేస్తే కొందరికి వికారం వస్తుంది. ఒకరికి వికారం రావడం చూసి పదిమందికి రావడం మామూలే. మాత్ర భోజనం తర్వాత ఇవ్వండి, ఆపేయకండి.

పడిపోయిన పిల్లల్ని ఒకరికొకరు కనిపించని గదుల్లోకి మార్చండి. నెమ్మదిగా ఊపిరి వదలమనండి. మూతికి కవరు పెట్టకండి. ఫోను కెమెరాలను గేటు బయటే ఆపండి. భూతవైద్యుణ్ణి బడిలోకి తెస్తే రేపు ఇంకో తరగతికి పాకుతుంది. ‘నాటకాలాడుతున్నారు’ అన్నా అంతే.

ప్రశ్న: హాస్టల్లో ఈ నెలలో ఇద్దరికి పచ్చకామెర్లు. నిన్న తిన్న తిండిలో దోషమా?
– వార్డెన్, పాతపట్నం

జవాబు: నిన్నటిది కాదు. పిల్లల్లో గుంపుగా వచ్చే కామెర్లు ఎక్కువగా హెపటైటిస్ ఏ. వైరస్ కడుపులోకి పోయాక 15 నుంచి 50 రోజులకు, సగటున 28 రోజులకు జబ్బు బయటపడుతుంది. కాబట్టి నెల కిందట ఏమైందో వెతకండి: పైపు పగిలిందా, మోటారు చెడిపోయి నీళ్లు వేరే చోట నుంచి తెచ్చారా, సెప్టిక్ ట్యాంకు పొంగిందా. కళ్లు పచ్చబడక ముందు రెండు వారాల్లోనే ఆ పిల్లలు వైరస్‌ను ఎక్కువగా వదులుతారు. అందుకే ఇద్దరు కనిపించేసరికి ఇంకొందరికి అంటి ఉండొచ్చు. ఆకలి చచ్చిన, మూత్రం ముదురు రంగులో వస్తున్న పిల్లల్ని ఇప్పుడే వెతికి రక్తపరీక్ష చేయించండి.

నీళ్ల పని ఇలా: ముందు నమూనా, తర్వాత బ్లీచింగ్. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు, అంటే పదివేల లీటర్ల ట్యాంకుకి 25 గ్రాములు. మగ్గులో కొద్ది నీళ్లతో ముద్ద చేసి, బకెట్లో కలిపి, తేరిన నీళ్లే ట్యాంకులో పోయండి. అరగంట ఆగి అందరికన్నా దూరంగా ఉన్న కుళాయి నీళ్లను క్లోరోస్కోప్‌తో (నీళ్లలో క్లోరిన్ ఎంతుందో రంగును బట్టి చూపే పరికరం) చూడండి, లీటరుకి 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ కనిపించాలి. ట్యాంకు దగ్గర చూసి సరే అనుకోవడం ఎక్కువమంది చేసే తప్పు. మూట విప్పి తేమలో పడేసిన పౌడరుకి బలం ఉండదు, ఎంత వేసినా రంగు రాకపోవడం అందుకే. నీళ్లు మట్టిగా ఉన్నా క్లోరిన్ పనిచేయదు. అన్నీ కుదిరేదాకా తాగే నీళ్లు తెర్లేదాకా మరిగించడమే దారి.

పసరు మందులు, వాతలు వద్దు. మగత, ఆగని వాంతులు, పొంతనలేని మాటలు, చిగుళ్ల నుంచి రక్తం, వీటిలో ఏది కనిపించినా ఆ రాత్రే ఆసుపత్రికి చేర్చండి.

ప్రశ్న: నమూనాలు తీయడంలో మేం ఎక్కువగా పొరబడేది ఎక్కడ?
– ఏఎన్‌ఎం, మెళియాపుట్టి

జవాబు: వరసలో. యాంటీబయాటిక్ మొదలెట్టాక మలం నమూనా తీస్తారు, క్లోరిన్ వేశాక నీళ్లు పడతారు. రెండూ శుభ్రంగానే వస్తాయి, ఏమీ దొరకదు. మలం కోసం రెక్టల్ స్వాబ్ (మలద్వారంలోంచి దూదిపుల్లతో తీసే నమూనా) తీసి, ల్యాబుకి చేరేదాకా సూక్ష్మజీవులు చావకుండా ఉంచే కేరీ బ్లెయిర్ ద్రవంలో పెట్టండి. ఇంకా మందు పడని ఐదు నుంచి పది మంది నమూనాలు చాలు. నీళ్లకి, క్లోరిన్‌ను విరిచే థయోసల్ఫేట్ వేసిన స్టెరైల్ సీసా వాడండి, కనీసం 200 మిల్లీలీటర్లు పట్టండి. చల్లగా పెట్టి అదే రోజు పంపండి. పురుగుమందు అనుమానం ఉంటే రక్తంతో పాటు మూత్రం కూడా తీయాలి.

ప్రశ్న: ల్యాబు రిపోర్టులో ‘ఏమీ లేదు’ అని వచ్చింది. అంటే ఏమీ జరగలేదనా?
– ఒక తల్లి, టెక్కలి

జవాబు: కాదమ్మా. ఆ నమూనాలో, ఆ పరీక్షకు ఏమీ దొరకలేదని మాత్రమే. అడిగిన సూక్ష్మజీవినే ల్యాబు వెతుకుతుంది. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమందికి ఫిట్స్, కళ్లు తిరగడం మొదలైనప్పుడు మామూలు పరీక్షల్లో ఏమీ రాలేదు. ఎయిమ్స్ పరీక్షల్లో కొందరి రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల కోణంలో కూడా దర్యాప్తు జరిగింది.

బీహార్‌లోని ముజఫర్‌పూర్‌లో ఏళ్ల తరబడి ప్రతి వేసవిలో తెల్లవారుజామున పిల్లలకు ఫిట్స్ వచ్చేవి. వైరస్ కోసం ఎంత వెతికినా దొరకలేదు. 2014లో రెండు ఆసుపత్రుల్లో చేరిన 390 మందిలో 122 మంది చనిపోయారు. ఆ ఏడాది దర్యాప్తు బృందం జబ్బుపడ్డ 104 మంది పిల్లలతో పాటు, అదే వయసులో, మెదడుకి సంబంధం లేని వేరే జబ్బులతో ఆ ఆసుపత్రుల్లోనే చేరిన 104 మందినీ తీసుకుని ఇద్దర్నీ ఒకే ప్రశ్నలు అడిగింది. జబ్బుపడ్డవాళ్లలో ముందు రోజు లిచీ పళ్లు తిన్నవాళ్లూ, రాత్రి అన్నం తినకుండా పడుకున్నవాళ్లూ ఎక్కువని తేలింది. లిచీలో ఉండే ఒక విషపదార్థం, ఖాళీ కడుపున్న పిల్లల రక్తంలో గ్లూకోజును ఒక్కసారిగా పడేస్తుంది. ఇలాంటి పిల్లవాడు ఆసుపత్రికి రాగానే గ్లూకోజు చూసి ఎక్కించడం ముఖ్యమని అలా తెలిసింది.

కాబట్టి రిపోర్టు చేతికి వచ్చాక పీహెచ్‌సీ డాక్టరు గారినీ, జిల్లాలో జబ్బుల మీద నిఘా పెట్టే సర్వైలెన్స్ ఆఫీసరు గారినీ మూడు సంగతులు అడగండి. నమూనా జబ్బు మొదలైన ఎన్ని గంటలకు తీశారు? ఏయే పరీక్షలు చేశారు, ఏవి చేయలేదు? బాగున్న పిల్లల్ని అడిగిన కాగితం ఎక్కడుంది? మూడోదానికి జవాబు లేకపోతే, వారం లోపైతే ఇప్పుడైనా అడిగించమనండి. ఆలస్యమైతే పిల్లలు మర్చిపోతారు గానీ, ఆ రోజు బడికి రానివాళ్లెవరో, భోజనం ఎంతమందికి వండారో హాజరు పట్టీలో ఉంటుంది.